కొంగ రెక్క కింద గీతలు

2017 మార్చి 6

ఇవాళ మా వర్క్‌షాపుకి ఒక పెళ్ళి చెంబు వచ్చింది. ఇనపది. పక్కన కొమ్ము, పైన వంకీ పిడి. ఒబాతా వాళ్ళింట్లో ఎవరి పెళ్ళయినా వధూవరులకి సాకే, అదే బియ్యపు సారా, దీంట్లోంచే పోస్తారు. కిందటేడు భూకంపానికి అలమారలోంచి పడింది. నల్లటి ఇనుము మీద రెండు బంగారు కొంగలు. ఒకదానికి రెక్క మొత్తం ఊడిపోయింది. ఊడిన రేకు పెంకులతో, మట్టితో కలిసి లారీ ఎక్కి పోయిందట.

తెచ్చింది మిసావో బామ్మగారు. ఎనభై దాటినావిడ. బుట్టలో దిండు, దిండు మీద చెంబు. పసిపిల్లని ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చారు. మనవరాలు కొనత్సుకి నవంబర్లో పెళ్ళి. ఆలోగా ఈ కొంగ ఎగరాలి అన్నారు.

చెంబు చేసింది మా గురువుగారి ముత్తాత. అడుగున పేరు చెక్కి ఉంది. గురువుగారు ఆ పేరు మీద బొటనవేలు ఉంచారు. తర్వాత, నేనే చేస్తాను, దీన్ని ఇంకెవరూ ముట్టుకోరు అన్నారు.

ఇంకెవరూ అంటే నేనే. వర్క్‌షాపులో వేరే ఎవరున్నారు?

మార్చి 9

పొద్దున్నే అమ్మ ఫోన్. "ఇరవై ఏళ్ళు పళ్ళు చేశావు, ఇప్పుడు చెంబులు చేస్తానంటావు, అరవయ్యో ఏట ఏం చేస్తావే చిగుసా, గుర్రానికి లాడాలా?" అంది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే ఇంకో అరగంట.

నేను చేసిన బంగారు పళ్ళు ఈ కుమమోతో ఊళ్ళో ఎంతమంది నోళ్ళలో ఉన్నాయో నాకే తెలీదు. డెంటల్ ల్యాబ్‌కి మెషిన్ వచ్చింది. నేను రెండ్రోజులు కూర్చుని చేసేది అది కాఫీ తాగేలోపు చేసి పడేసింది. నాకు బొకే ఇచ్చి పంపించారు. ఆ నెలలోనే ఒక ఎగ్జిబిషన్‌లో హిసతకే తొకుజోగారి పని, అంటే ఇప్పటి మా గురువుగారి పని, చూశాను. ఇనుము మీద బంగారు గడ్డిపోచ. గాలికి వంగినట్టుంది. మర్నాడే ఆయన గుమ్మంలో నిలబడ్డాను. నలభై దాటినదాన్ని.

ఆయన ఒక్కటే షరతు పెట్టారు. ఉలి ఎడమచేత, సుత్తి కుడిచేత. మా ఇంట్లో ఇదే పద్ధతి అన్నారు. నేను పుట్టు ఎడమచేతివాటం దాన్ని. సరే అన్నాను. ఏం చెప్పినా సరే అనేదాన్ని ఆ రోజు.

మూడో ఏడు నడుస్తోంది. నా గీతలు ఇంకా కోడి గీకినట్టే ఉన్నాయి.

ఏప్రిల్ 14

భూకంపానికి ఏడాది. బజారులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందరూ ఒకరితో ఒకరు కాస్త ఎక్కువ మర్యాదగా ఉన్నారు.

మే 23

గురువుగారు ఇంకా మొదలుపెట్టలేదు. రోజూ చెంబు తీస్తారు, తుడుస్తారు, వెలుతురులో తిప్పి చూస్తారు, మళ్ళీ గుడ్డలో చుట్టి పెడతారు. నన్ను బెల్టు బకిల్స్ చేయమంటారు.

మధ్యాహ్నం సుయెనోగారు చిక్కుడు పాదుల దగ్గరికి పిలిచారు. ఆవిడ గురువుగారి భార్య. నేను పిన్నిగారూ అంటాను. కాయలు కోస్తూనే, నా మొహం చూడకుండా చెప్పారు.

"ఆయన కప్పు నిండా టీ పొయ్యకమ్మా ఇకనుంచి. సగమే పొయ్యి."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అయింది. శీతాకాలం నుంచి ఆయన కప్పు రెండు చేతులా పట్టుకుంటున్నారు. మర్యాద అనుకున్నాను. చేతుల వణుకు దాచుకోడానికట. డాక్టరు జబ్బు పేరు చెప్పాడట, మందులిచ్చాడట. ఎవరికీ చెప్పనని సుయెనోగారి చేత ఒట్టు వేయించుకున్నారట.

మరి నాకు చెప్పారేం పిన్నిగారూ అన్నాను.

"నీకు చెప్పానా? నేను చిక్కుడుకాయలకి చెప్పుకుంటున్నా. నువ్వు పక్కనున్నావు" అన్నారు.

జూన్ 19

వాన. పొద్దుటి నుంచి ఆగలేదు.

గురువుగారు ఇవాళ మొదలుపెట్టారు. నా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. సుత్తి చప్పుడు వింటున్నాను. మామూలుగా ఆయన సుత్తి వాన చూరు మీద నుంచి పడ్డట్టు ఒకే తీరుగా పడుతుంది. ఇవాళ ఆగుతోంది. మళ్ళీ మొదలవుతోంది. ఒకచోట రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడ్డాయి. తర్వాత చప్పుడు లేదు.

నేను వెనక్కి తిరగలేదు. తిరగాల్సిందేమో.

కాసేపటికి ఆయన లేచి వెళ్ళిపోయారు. గొడుగు కూడా తీసుకోలేదు. అప్పుడు వెళ్ళి చూశాను. ఉలి జారింది. బాగున్న కొంగ మెడ మీదుగా ఒక గీత. బంగారాన్ని చీల్చుకుని ఇనుము దాకా వెళ్ళింది. నూటముప్ఫై ఏళ్ళుగా చెక్కుచెదరని, భూకంపం కూడా ఏమీ చెయ్యని మెడ.

జూన్ 20

గురువుగారు కిందికి దిగలేదు.

జూన్ 25

ఒబాతా ఇంటికి వెళ్ళాం, ముగ్గురం. గురువుగారు మంచి కిమోనో వేసుకున్నారు. ట్రామ్‌లో ఒళ్ళో చెంబు.

ఇంట్లోకి వెళ్ళగానే ఆయన చాప మీద మోకరిల్లి నుదురు నేలకి ఆనించారు. చేతులు చాపకి నొక్కిపెట్టినా వణుకుతూనే ఉన్నాయి. చెంబు పాడుచేశాను, నా చేతులు పనికిరాకుండా పోయాయి, ఇది ఇంకెవరి చేతనైనా చేయించుకోండి, మా ఇంటి పరువు తీశాను అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కొనత్సు అనే ఆ పెళ్ళికూతురు టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

మిసావో బామ్మగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. చెంబు దగ్గరగా తీసుకుని కొంగ మెడ చూశారు. తర్వాత తన కిమోనో మెడ దగ్గర కాస్త వదులు చేసి చూపించారు.

"నాకూ ఉందండీ ఇక్కడ గీత. థైరాయిడ్ ఆపరేషన్. అయినా మా ఆయన నన్ను ఎవరికీ తిరిగిచ్చెయ్యలేదు. లేవండి బాబూ, మోకాళ్ళు పట్టేస్తాయి."

సుయెనోగారికి నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. గురువుగారు తలెత్తలేదు.

అప్పుడు బామ్మగారు నా వైపు వేలు చూపించారు. "ఈ అమ్మాయి ఏం చేస్తుంది మీ దగ్గర?"

నేర్చుకుంటోంది అన్నారు గురువుగారు.

"ఎప్పటికి నేర్చుకుంటుంది? పెళ్ళి నవంబర్లో కదా."

బామ్మగారు చెంబుని దిండు మీద పెట్టి, దిండు నా ఒళ్ళో పెట్టారు. గీత అలాగే ఉంచండి, రెక్క మాత్రం వెయ్యండి అన్నారు. ఒప్పుకుంటానని నేను అననేలేదు. వద్దని కూడా అనలేదు.

జూన్ 26

గురువుగారు ఒక్క మాటే అన్నారు. ముందు ఇనప పలకల మీద చేసి చూపించు.

జూలై 11

పలక మీద పట్టు రాలేదు.

ఇనుము మీద ఉలితో గీతలు గీయాలి. నిలువు, అడ్డం, రెండు ఏటవాలు. బట్ట నేసినంత సన్నగా. గీసినప్పుడల్లా ఇనుము ఒక పక్కకి సన్నని పొరలా లేస్తుంది. ఆ లేచిన అంచులే బంగారాన్ని పట్టుకుంటాయి. జిగురు లేదు, అతుకు లేదు. అంచులు సరిగ్గా లేస్తేనే పట్టు.

నావి సరిగ్గా లేవట్లేదు. గురువుగారు గోటితో గీరారు. బంగారం కాగితంలా లేచొచ్చింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూలై 20

మళ్ళీ లేచింది.

ఫుకువోకా నుంచి పాత కొలీగ్ మెసేజ్. అక్కడ ల్యాబ్‌లో చేత్తో ఫినిషింగ్ చేసేవాళ్ళు కావాలట. నెలాఖరులోగా చెప్పమంది. ఫోన్ తిరగేసి పెట్టాను. మళ్ళీ తీసి చూశాను.

జూలై 28

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దున ఇంక పలకలు వద్దనుకున్నాను. చెంబైనా శుభ్రం చేసి ఇచ్చేసి వెళ్ళిపోదామనుకున్నాను. అవును, వెళ్ళిపోదామనే. ఊడిపోయిన రెక్క కింద పాత గీతలు అలాగే ఉన్నాయి, కానీ మట్టి, జిడ్డు నిండిపోయి మచ్చలా కనిపించేది. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న కంటి భూతద్దం, ఆ లూప్, పెట్టుకుని వెదురు పుల్లతో మెల్లగా తీస్తూ కూర్చున్నాను. ఈక ఈకగా గీతలు బయటపడ్డాయి. ఎంత సన్నని పని!

అప్పుడు చూశాను. గీతల అంచులు అటు వైపు లేచి ఉన్నాయి. మావి ఇటు లేస్తాయి. గురువుగారివి, ఆయన నాన్నగారివి, వర్క్‌షాపులో ఉన్న ప్రతి పాత ముక్క మీదా ఇటే. ఇక్కడ మాత్రం అటు.

చెంబుని తిప్పి చూశాను. నా పొరపాటేమో అనుకున్నాను. కాదు.

లేచి తలుపు మూశాను. చిన్న పలక ఒకటి బిగించాను. ఉలి కుడిచేతికి మార్చాను, సుత్తి ఎడమచేతికి. మూడేళ్ళ తర్వాత. రెండు వరసలు గీశాను. సుత్తి పడ్డ చప్పుడే వేరుగా ఉంది. లూప్ పెట్టి చూశాను.

అంచులు అటే లేచాయి. చెంబు మీద ఉన్నట్టే.

జూలై 29

గురువుగారికి చూపించాను. ముందు పలక, తర్వాత చెంబు. ఆయన లూప్ పట్టుకోలేకపోతే నేనే ఆయన కంటి దగ్గర పట్టుకున్నాను. చాలాసేపు చూశారు.

కాదు అన్నారు.

"మా ముత్తాత ఎడమచేతివాడు కాదు. ఆయన ఫోటో ఉంది. సుత్తి కుడిచేత్తో పట్టుకుని దిగాడు. నీకిష్టమైనట్టు చేసుకోడానికి ఏదో ఒకటి కల్పించకు."

అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. ఎదురు చెప్పాను. మూడేళ్ళలో మొదటిసారి. నేను కల్పించలేదు గురువుగారూ, ఇనుమే చెబుతోంది అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

సుయెనోగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతులు తడి. వంటింట్లోంచి వచ్చినట్టున్నారు.

"మీ ముత్తాత కాదు లెండి. ఆవిడ."

ఏ ఆవిడే అన్నారు ఈయన.

ఆవిడే, మీ ముత్తవ్వ, ఇతో అన్నారు సుయెనోగారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు చెప్పారట. ఇతో గారు ఎప్పుడూ వంటింట్లో ఒక్కరే కూర్చుని భోంచేసేవారట. సిగ్గు అనుకునేవారంతా. సిగ్గూ కాదు, ఏమీ కాదు. అన్నం తినే పుల్లలు ఎడమచేత్తో పట్టుకునేవారట. అతిథులు చూస్తే నవ్వుతారని అత్తింటివాళ్ళు లోపలే కూర్చోమన్నారట. కత్తులు పెట్టుకోకూడదని సర్కారు చట్టం తెచ్చాక ఇక్కడ చేసే కత్తిపిడి పనులన్నీ ఆగిపోయాయి. పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. వర్క్‌షాపులో మొగుడూ పెళ్ళామే మిగిలారు.

"మరి ఆ రోజుల్లో ఇన్ని పనులు ఆయన ఒక్కడే చేశాడని మీరంటుంటే, అబ్బో, ఎన్ని చేతులో అనుకునేదాన్ని" అన్నారు సుయెనోగారు.

ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు అని గురువుగారు అడిగారు.

"భోజనం సంగతి కదా. మీరు పని సంగతులే అడుగుతారు."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళారు. సాయంత్రం దాకా రాలేదు. ఇతో గారే చేశారని రుజువేమీ లేదు. నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఎవరో ఒక ఎడమచేతి మనిషి మాత్రం ఆ రెక్క కింద ఉన్నారు.

ఫుకువోకాకి రానని మెసేజ్ పెట్టాను.

జూలై 30

ఆదివారం. సెలవు. అయినా సుయెనోగారు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి గురువుగారు నా బెంచ్ ఒక కొస పట్టుకుని లాగుతున్నారు, ఆవిడ రెండో కొస. తాతల నాటి బరువైన బెంచ్. కిటికీకి అటు వైపు తిప్పుతున్నారు.

ఎడమచేత్తో కొడితే వెలుతురు అటు నుంచి రావాలి, లేకపోతే నీ చెయ్యి నీడే గీత మీద పడుతుంది, ఆ మాత్రం తెలీదా అన్నారు గురువుగారు, నేనేదో తప్పు చేసినట్టు.

మూడేళ్ళు వృథా చేయించాను అని గాని, క్షమించు అని గాని అనలేదు. బెంచ్ నేల మీద గీసుకుపోయిన చారలు అలాగే ఉన్నాయి. సుయెనోగారు తుడవబోతే ఉంచు అన్నారు.

ఆగస్టు 17

పలక మీద బంగారు ఆకు వేశాను. గురువుగారు గోటితో గీరారు. రాలేదు. పిన్నిసుతో గీరారు. రాలేదు. మేకు తీసుకున్నారు.

"ఇంక చాలు, పలక చిల్లు పడుతుంది" అన్నారు సుయెనోగారు.

సెప్టెంబర్ 13

ఇవాళ చెంబు మీద మొదటి గీత. పాత గీతలు మొండిబారాయి. వాటి దారిలోనే మళ్ళీ గీయాలి. ఒక్కో గీత పట్టుకుని వెళ్తుంటే ఆవిడ ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుందో తెలుస్తోంది. ఒకచోట తొందరపడింది. పొయ్యి మీద ఏమైనా మాడిందేమో. నేనూ అక్కడ తొందరపడ్డాను.

ఇలా రాస్తే పిచ్చనుకుంటారు. ఎవరు చదువుతారు కనక.

సెప్టెంబర్ 29

రెక్క వేశాను. ఈకలన్నీ విడివిడిగా కోసి, ఒక్కోటి పెట్టి, జింక కొమ్ముతో నొక్కుతూ వచ్చాను. ఆఖరి ఈక పెట్టేటప్పుడు గురువుగారు నా పక్కనే నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆయన భుజాలు కూడా నాతోపాటు కదులుతున్నాయి, నేను గమనించాను.

మెడ మీద గీత అలాగే ఉంది. ఒబాతా బామ్మగారి మాట. చూస్తూ చూస్తూ ఉంటే కొంగ తల తిప్పినట్టుంది.

అక్టోబర్ 10

ఇప్పుడు తుప్పు. రెక్క చుట్టూ ఇనుము తెల్లగా బయటపడింది. దానికి తుప్పు పట్టించే మందు పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూసి, బాగా ఎర్రబడ్డాక టీలో ఉడకబెట్టాలి. అప్పుడు పాత నలుపులో కలిసిపోతుంది. మందు ఎలా కలపాలో ఈ ఇంటివాళ్ళకే తెలుసు. నాకింకా చెప్పలేదు.

నేను కుంచె పట్టుకుని పూస్తే మచ్చలు మచ్చలుగా కాకుండా నున్నగా వచ్చింది. బాగుందనుకున్నాను. గురువుగారు చూసి మొహం చిట్లించారు.

"ఏమిటిది, గోడకి సున్నం కొట్టావా? ఇలా తే."

కుంచె తీసుకున్నారు. చెయ్యి వణుకుతోంది. కుంచె కొస ఇనుము మీద చుక్కచుక్కగా పడుతోంది, ఎక్కడా ఒకేలా కాకుండా. మబ్బు పట్టినట్టు వచ్చింది. పాత ఇనుముకి, కొత్తదానికి మధ్య గీత ఎక్కడుందో నాకే కనిపించలేదు.

ఆయనా చూశారు. కుంచె వంక చూసుకున్నారు. చెయ్యి వంక చూసుకున్నారు.

"మా నాన్న దీనికోసం నన్ను కొట్టేవాడు. మందు పూసేటప్పుడు చెయ్యి కుదురుగా పెట్టకు, వణికించు, వణికించు అని. అప్పుడు రాలేదు. ఇప్పుడు ఊరికే వస్తోంది" అన్నారు.

అని నవ్వారు. మార్చి తర్వాత ఆయన నవ్వడం ఇదే మొదటిసారి. సుయెనోగారు వంటింట్లోంచి ఏమైంది, ఏమైంది అని పరుగున వచ్చారు.

అక్టోబర్ 21

టీ ఉడుకు. ముతకాకు టీ, పెద్ద గిన్నె నిండా. ఇల్లంతా అదే వాసన. ఎర్ర తుప్పు చూస్తుండగానే నల్లబడింది. చెంబు ఎత్తి నీళ్ళు కార్చాం. బంగారానికి ఏమీ కాలేదు. రెండు కొంగలూ కిటికీ వైపు చూస్తున్నాయి.

మందు ఎలా కలపాలో గురువుగారు ఇవాళ చెప్పారు. గిన్నె తోముతూ, ఏదో పప్పు వండటం చెప్పినట్టు చెప్పారు. ఎక్కడా రాయొద్దన్నారు. రాయట్లేదు.

నవంబర్ 12

కొనత్సు పెళ్ళి. ఒబాతా వాళ్ళ పెద్దగదిలోనే. ఇంటికి కొత్త గోడలు, ఇంకా సున్నం వాసన. ఆమె పిన్ని చెంబు ఎత్తి పెళ్ళికూతురి గిన్నెలో పోసింది. కొమ్ములోంచి సాకే సన్నగా, తెగకుండా పడింది. చెంబు వంగినప్పుడు రెక్క మీద వెలుతురు ఒక్కసారి అటు నుంచి ఇటు నడిచింది. కొనత్సు తాగే ముందు దాన్ని చూసింది. నేను చూశాను, ఆమె చూడటం.

తర్వాత విందు. సీబ్రీమ్ చేప, ఎర్ర అన్నం, పాటలు. పెళ్ళికొడుకు మామయ్య ఒకాయన చెంబు చేత్తో పట్టుకుని, ఎవరి పనండీ ఇది అని గట్టిగా అడిగాడు. గురువుగారు గిన్నె ఒక్క చేత్తో పట్టుకుని ఉన్నారు. అందరి ముందూ వణుకుతోంది. దాచుకోలేదు.

"చెంబు మా ముత్తాతది. ఆ రెక్క ఈ చిగుసాది. తుప్పు నాది" అన్నారు. "రెక్క కింద ఉన్నది మా ముత్తవ్వది. ఆవిడ పేరు ఇతో."

ఆ మాట చెబుతుంటే సాకే కొంత ఆయన ఒళ్ళో ఒలికింది.

"మరి మెడ మీద గీతో?" అన్నాడు మామయ్య.

"అది నాదేనయ్యా. దానికి మాత్రం ఎవరూ పోటీ రాకండి."

మిసావో బామ్మగారు పడీ పడీ నవ్వి, తన మెడ చూపించడం మొదలుపెట్టారు.

తిరిగి వస్తూ ట్రామ్‌లో సుయెనోగారు నిద్రపోయారు. గురువుగారు కిటికీలోంచి కోట వైపు చూస్తూ, వచ్చే నెల నుంచి నీ సొంతది ఏదైనా చెయ్యి అన్నారు. ఏం చెయ్యాలి అన్నాను. నాకేం తెలుసు, నీ చెయ్యి కదా అన్నారు.

డిసెంబర్ 21

మంచు పడుతోంది. ఇవాళ పని చెయ్యలేదు.

గురువుగారు, సుయెనోగారు, నేను కిటికీ దగ్గర కూర్చుని నేను సొంతంగా చేసిన చిన్న ఇనప బిళ్ళకి తుప్పు పట్టడం చూశాం. ఏ చప్పుడూ లేదు. అంచు దగ్గర మొదలైంది. ఎర్రగా వస్తోంది.